యుద్ధాలు వదిలేసిన మన్రోను కలరా ఎందుకు వదల్లేదు?

రాయలసీమలో మన్రో దొర పేరు వినని పెద్దవాళ్లు తక్కువ. రైత్వారీ తెచ్చిన కలెక్టరుగానో, మంత్రాలయం కథలో రాఘవేంద్రస్వామితో మాట్లాడిన తెల్లదొరగానో, తిరుమల గంగాళం పేరులోనో ఎక్కడో ఒకచోట ఆయన తగులుతూనే ఉంటాడు. అసలు వృత్తికి మాత్రం థామస్ మన్రో సైనికుడు. 1780లో పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా మద్రాసులో దిగి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, మేజర్ జనరల్ దాకా ఎదిగాడు. హైదర్ అలీతో, టిప్పు సుల్తాన్‌తో, మరాఠాలతో జరిగిన యుద్ధాలు చూశాడు. వాటన్నిటి నుంచీ బతికి బయటపడి 1827 జులై 6న ఇప్పటి కర్నూలు జిల్లా పత్తికొండలో, ఒక గుడారంలో, కలరాతో చనిపోయాడు. పొద్దున జబ్బు పడ్డ మనిషి రాత్రికి లేడు.

విధి విచిత్రం అనేసి దీన్ని వదిలేయడం తేలిక. కానీ ఈ చావులో విచిత్రం పెద్దగా లేదు. ఆ రోజుల్లో ఇండియాకు వచ్చిన తెల్ల సైనికుల్లో ఎక్కువమంది పోయింది కత్తికీ తుపాకీకీ కాదు. జ్వరం, రక్త విరేచనాలు, కలరా, కాలేయం జబ్బులే వాళ్లను తీసుకుపోయాయి. 1863లో బ్రిటిష్ రాయల్ కమిషన్ పాత లెక్కలన్నీ తిరగేస్తే, ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చొప్పున చనిపోయినట్టు తేలింది. అది యుద్ధం ఉన్నా లేకపోయినా సాగిన నష్టం. ఆ లెక్కన, సెలవులు పోను, మన్రో ఇక్కడ దాదాపు 40 ఏళ్లు నెట్టుకురావడమే పెద్ద విషయం. ఆయన చావులో నిజంగా ఆలోచించాల్సింది ఇంకొకటుంది. ఆయనకు పేరు తెచ్చినదీ, ఆయన్ని చంపినదీ ఒకటే: గుడారం.

మన్రో 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రోది అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం. చిన్నప్పుడు తట్టు వచ్చి థామస్‌కు వినికిడి కొంత దెబ్బతింది. జీవితాంతం ఆ చెవుడు పోలేదు. ఊళ్లోనే యూనివర్సిటీలో చదువుకున్నాడు. అమెరికా వలసలు ఇంగ్లండ్ మీద తిరగబడటంతో గ్లాస్గో పొగాకు వర్తకులు చాలామంది మునిగిపోయారు, మన్రో కుటుంబం కూడా. కొడుకును వ్యాపారంలో పెట్టాలనుకున్న తండ్రికి ఇక కంపెనీ కొలువే దిక్కయింది. 'వాల్‌పోల్' అనే ఓడలో పనిచేసుకుంటూ బయల్దేరిన కుర్రాడు కాల్బలంలో కేడెట్‌గా 1780 జనవరిలో మద్రాసు చేరాడు.

ఇండియాకు వచ్చిన ప్రతి తెల్లవాడూ నవాబులా బతికాడని మనలో ఒక ఊహ. మన్రో 1789లో చెల్లెలికి రాసిన ఉత్తరం చదివితే అది కాస్త సడలుతుంది. ఇండియాకు వచ్చేదాకా తనకు ఆకలి, దప్పిక, అలసట, పేదరికం అంటే ఏమిటో తెలియవన్నాడు. మూడేళ్లపాటు తనకు పుస్తకమో తూటాల సంచో తప్ప వేరే తలగడ లేదన్నాడు. నాలుగు కర్రల మీద బిగించిన గుడ్డ ముక్క మంచం, ఇంటి నుంచి తెచ్చుకున్న పాత కోటు దుప్పటి. చెల్లెలు తూర్పుదేశపు వైభవం గురించి కలలు కంటుంటే, అన్న కొంటెగా ఆ కలల మీద నీళ్లు చల్లాడన్నమాట.

వచ్చిన ఏడే హైదర్ అలీ కర్నాటిక్ మీద, అంటే ఆర్కాటు నవాబు రాజ్యం మీద విరుచుకుపడ్డాడు. 1780 సెప్టెంబరులో కాంచీపురం దగ్గరి పొల్లిలూరులో కల్నల్ బైలీ దళం తుడిచిపెట్టుకుపోయినప్పుడు, ఆ దళాన్ని అందుకోలేకపోయిన హెక్టర్ మన్రో సైన్యంలో మన కుర్రాడు ఉన్నాడు. (ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, చుట్టరికం లేదు.) మరుసటి ఏడాది పోర్టోనోవోలో సర్ అయిర్ కూట్ కింద పోరాడాడు. 1790-92లో టిప్పు మీద గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ నడిపిన యుద్ధంలోనూ ఉన్నాడు. పన్నెండేళ్లలో రెండు మైసూరు యుద్ధాలు అయిపోయాయి. ఈ సైనిక అనుభవమంతా ఒక ఎత్తు, 1792 తర్వాత జరిగింది ఇంకో ఎత్తు.

టిప్పు దగ్గర లాక్కున్న బారామహల్‌ను, అంటే ఇప్పటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాన్ని, చక్కబెట్టే పని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించారు. ఆయన సహాయకుల్లో మన్రో ఒకడు. మద్రాసు రెవెన్యూ ఉద్యోగుల్లో దేశభాషలు వచ్చినవాళ్లు దొరక్క సైనికాధికారుల్ని పెట్టుకున్నారు. పొలం పొలం తిరిగి, రైతుతో నేరుగా మాట్లాడి, శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది. మన్రో ఏడేళ్లు అక్కడ తిరిగాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కొంతకాలం కెనరాలో, అంటే ఇప్పటి కర్ణాటక తీరంలో ఉండి, 1800లో మన దగ్గరికి వచ్చాడు.

నిజాం కంపెనీకి రాసిచ్చిన దత్తమండలాలకు, అంటే బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగానికి, ఆయన ప్రిన్సిపల్ కలెక్టర్. నిజాం చేతిలోంచి కంపెనీ చేతిలోకి మారేటప్పటికి ఇక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్లు ఉన్నారు. ఎవరి కోట వారిది, ఎవరి బంట్లు వారికి. మన్రో మొదటి ఏళ్లు దాదాపు పూర్తిగా డేరాల్లోనే గడిపాడు. ఊరి బయట చింతతోపులో డేరా వేయడం, కరణాన్ని, రెడ్డిని, రైతుల్ని పిలిపించడం, కయ్య కయ్య లెక్క రాయించడం, మర్నాడు డేరా పీకి పక్క ఊరికి పోవడం. కాపలా సిపాయిలు పెద్దగా లేకుండా తిరగడాన్ని ఆయన ఒక పద్ధతిగానే పెట్టుకున్నాడు. బంట్లతో వస్తే రైతు నోరు విప్పడని ఆయన నమ్మకం. 1802లో మొదలైన భూముల సర్వే ఇలాగే సాగింది.

మన్రోను దేవుణ్ణి చేసి చెప్పే కథలు రాయలసీమలో చాలా ఉన్నాయి కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 1801లో పత్తికొండకు దూరం కాని తెర్నెకల్లులో శిస్తు వసూలు మీద గొడవ ముదిరి జనం తిరగబడ్డారు. సైన్యం వెళ్లి కోటను పడగొట్టింది, నాయకుణ్ణి ఉరితీసింది. పాలెగాళ్ల కోటలు కూల్చి, వాళ్ల ఆయుధాలు లాక్కుని, కొందరికి భరణం పడేసి కూర్చోబెట్టింది కూడా మన్రో హయామే. తర్వాత 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఆ భరణాల గొడవలోంచే పుట్టింది. శిస్తు సంగతి మరీ ఘోరం: సర్వే ప్రకారం ప్రభుత్వ వాటా మొత్తం పంటలో 45 శాతం. అది రైతు తట్టుకోలేనంత ఎక్కువని మన్రోకు తెలుసు. 1807లో సెలవు మీద వెళ్లే ముందు, పావు వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు, పైగా రైత్వారీనే పక్కనపెట్టి ఊళ్లను కౌలుకిచ్చారు. ఆ కౌళ్లు రైతుల్నీ కౌలుదారుల్నీ కలిపి ముంచాయి. 1820లో ఆయనే మద్రాసు గవర్నరై వచ్చాక ఆ తగ్గింపు అమలైంది. సీమ జనం ఆయన్ని తలచుకోవడానికి మహిమల కంటే ఈ తగ్గింపే అసలు కారణమనుకుంటే తప్పుండదు.

ఈ లోపు ఆయన జీవితంలో ఇంకో యుద్ధం వచ్చింది, దాని వెనకే కలరా కూడా.

1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకుని, న్యాయ వ్యవస్థ సంస్కరణ పని మీద మన్రో మళ్లీ మద్రాసు వచ్చాడు. 1817లో మరాఠాల పీష్వాతో యుద్ధం మొదలైంది. చేతిలో చెప్పుకోదగ్గ సైన్యం లేకపోయినా, కొద్దిపాటి బలగంతో, జనాన్ని తనవైపు తిప్పుకుంటూ ధార్వాడ, బాదామి, బెళగావి, షోలాపూర్ పట్టేశాడు. బ్రిటిష్ పార్లమెంటులో మంత్రి జార్జి క్యానింగ్ ఆయన్ని ఆకాశానికెత్తేశాడు. మన్రో అక్కడ కోటలు పడుతున్న రోజుల్లోనే గంగా మైదానం నుంచి దక్కను వైపు కలరా నడుచుకుంటూ వస్తోంది.

కలరా గంగా డెల్టాలో పాత జబ్బే. 1817 ఆగస్టులో జెస్సోరులో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, పుట్టిన విజృంభణ మాత్రం అంతకు ముందెప్పుడూ లేనంతగా పాకింది. అదే ఏడు నవంబరులో బుందేల్‌ఖండ్‌లో పిండారీ దోపిడీ దళాల మీదకు బయల్దేరిన గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ మహాసైన్యాన్ని పట్టుకుంది. కొద్ది రోజుల్లోనే వేలమంది పోయారు. వాళ్లలో సైనికుల కంటే పరివారమే ఎక్కువ. తాను చనిపోతే శత్రువుకు తెలియకుండా డేరాలోనే గుట్టుగా పాతిపెట్టమని హేస్టింగ్స్ దగ్గరివాళ్లకు చెప్పి ఉంచాడంటారు. మకాం ఎత్తేసి బేత్వా నది దగ్గర ఎత్తయిన నేలకు మారాక జబ్బు తగ్గింది. దాంతో సైనికాధికారులకు ఒక నమ్మకం బలపడింది: కలరా నేలలోనో గాలిలోనో ఉంటుంది, చోటు మారితే వదిలిపోతుంది. 1818 చివరికల్లా అది మద్రాసు చేరింది. సైనిక దళాలు, యాత్రికులు, ధాన్యం మోసే బంజారాల ఎద్దుల మందలు, ఎవరు నడిస్తే వాళ్లతో నడిచింది.

కంపెనీ సైన్యం మకాం ఎలా ఉండేదో ఊహించుకుంటే ఇది ఎందుకలా జరిగిందో తెలుస్తుంది. ఒక్కో సిపాయి వెనక అంతకు రెట్టింపు, మూడింతల మంది. వంటవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, డేరా లష్కర్లు, చాకళ్లు, నీళ్లు మోసేవాళ్లు, సిపాయిల పెళ్లాం బిడ్డలు, వెంబడే నడిచే బజారు. మధ్యాహ్నానికి ఒక చెరువు గట్టునో బావి దగ్గరో దిగుతారు. ఆ ఊరి జనాభాకు నాలుగైదు రెట్ల మంది ఒక్కసారిగా అదే నీళ్ల మీద పడతారు. తాగేది అక్కడే, బట్టలుతికేది అక్కడే, ఎద్దుల్ని కడిగేది అక్కడే, తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్లేది ఆ పక్కనే. తొలకరి వాన ఒక్కటి పడితే గట్టు మీది మురికంతా నీళ్లలోకి. కలరా క్రిమి ఒక్క మనిషి పేగుల్లో ఉన్నా చాలు, రెండు మూడు రోజుల్లో మకాం మొత్తానికి అందుతుంది. చోటు మార్చినప్పుడు జబ్బు తగ్గితే, తాజా నీళ్లు దొరికినందువల్ల తగ్గింది. తగ్గకపోతే జబ్బు మోసేవాళ్లే కొత్త ఊరికి దాన్ని మోసుకెళ్లారు. ఈ రెండో సంగతి అప్పట్లో ఎవరికీ తెలియదు.

1820 జూన్ 10న గవర్నరయ్యాక మన్రో చేసిన పనుల్లో ఒకటి ఇక్కడ చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1824లో మొదటి బర్మా యుద్ధం వచ్చింది. బెంగాల్ సిపాయిలకు సముద్రం దాటడం కులభ్రష్టత్వం. బరక్‌పూర్‌లో నవంబరులో ఆ దళాలు ఎదురు తిరిగితే తుపాకులతో అణిచేశారు. మద్రాసు సిపాయిలు మాత్రం ఓడ ఎక్కేవాళ్లు. కాబట్టి రంగూన్ వెళ్లిన సేనలో పెద్ద వాటా మద్రాసు నుంచే పోయింది, సామగ్రి కూడా. మద్రాసు సేనలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఉత్తర సర్కారుల నుంచి కంపెనీ తొలినాళ్లలోనే సిపాయిల్ని చేర్చుకుంది. బెంగాల్లో సిపాయిని 'తిలంగా' అనడం ఆ రోజుల నుంచే ఉంది.

1824 మేలో రంగూన్ పట్టుకున్నారు. పట్టుకున్న ఊళ్లో మనుషుల్లేరు, బియ్యం లేదు, పశువులు లేవు. బర్మా వాళ్లు అన్నీ ఖాళీ చేసి పోయారు. ఆ వెంటనే కుండపోత వానలు. ఉప్పు వేసిన పాత మాంసం, పురుగు పట్టిన బిస్కెట్లు, బురద నీళ్లు. జ్వరాలు, రక్త విరేచనాలు, కూరగాయలు లేక చిగుళ్లు కుళ్లే స్కర్వీ. 1826లో యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ వైపు తెల్ల, నల్ల సైనికులు కలిపి దాదాపు 15,000 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది జబ్బులే. యుద్ధాన్ని కోరుకున్నది మన్రో కాదు, నిర్ణయం కలకత్తాది. కానీ ఓడలు నింపి పంపడంలో ఆయన చూపిన చురుకుదనానికే 1825లో బారోనెట్ బిరుదు వచ్చింది. పరాయి నేల మీద జబ్బుతో పోయిన సైనికుడు అన్న మాట మన్రోకు ఎంత వర్తిస్తుందో, ఆయన పంపిన శ్రీకాకుళం, మచిలీపట్నం వైపు సిపాయిలకూ అంతే వర్తిస్తుంది.

నిజానికి యుద్ధం రాకపోతే మన్రో అప్పటికే ఇంటికి పోయి ఉండేవాడు. తనను పదవి నుంచి తప్పించమని ముందు నుంచే అడుగుతున్నాడు. యుద్ధం మధ్యలో వదిలిపోవడం పద్ధతి కాదని ఆగాడు. యుద్ధం అయ్యాక కంపెనీ డైరెక్టర్లు తర్వాతి మనిషిని తేల్చడంలో నాన్చారు. 1826లో చిన్నకొడుకు క్యాంప్‌బెల్‌కు ఒంట్లో బాగాలేక, పిల్లవాణ్ణి తీసుకుని లేడీ మన్రో ఇంగ్లండ్ వెళ్లిపోయింది. ఆయన గవర్నర్ బంగళాలో ఒంటరిగా మిగిలాడు. ఇంకొక్క ఏడాది, కొత్త గవర్నర్ ఓడ దిగితే చాలు.

ఆ ఖాళీలోనే చివరి పర్యటన. 1827 మే చివర్లో మద్రాసు నుంచి దత్తమండలాలకు బయల్దేరాడు. ఎవరూ బలవంతం చేయలేదు. ఇరవై ఏళ్ల కింద డేరాల్లో తిరిగిన ఊళ్లను వెళ్లేముందు ఒకసారి చూడాలనుకున్నాడు. మే, జూన్ నెలల్లో రాయలసీమ ఎండ ఎలా ఉంటుందో, చెరువుల్లో నీళ్లు ఎంత అడుగంటుతాయో ఆయనకంటే తెలిసిన తెల్లవాడు లేడు. పాత రైతుల్ని కలిశాడు, అర్జీలు తీసుకున్నాడు. గవర్నర్ కాబట్టి ఇప్పుడు వెంట అంగరక్షకులు, సిపాయిలు, పరివారం అన్నీ ఉన్నాయి. 1801లో బంట్లు లేకుండా తిరిగిన మనిషికి ఇప్పుడు హోదా వల్ల ఒక చిన్న సైన్యం తోడైంది. తిరగడం మానలేదు, తిరిగే గుంపు మాత్రం పెరిగింది. కలరాకు కావలసింది సరిగ్గా ఇదే.

జులై 4న గుత్తి చేరారు. అప్పటికే చుట్టుపక్కల కలరా ఉంది. గుత్తిలో మకాంలోని సిపాయిలు కొందరు చనిపోయారు. అక్కడి నుంచి పత్తికొండ ముప్పై కిలోమీటర్లకు పైనే. మకాం కదిలింది, 6వ తేదీ పొద్దున పత్తికొండలో డేరాలు వేశారు. పొద్దున ఫలహారం వేళకే మన్రోకు జబ్బు మొదలైంది. మొదట్లో మామూలు కడుపు నొప్పి అనుకున్నాడు. కలరా క్రిమి ఒంట్లోకి వెళ్లిన కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపు బయటపడుతుంది. కాబట్టి ఆయన దాన్ని గుత్తిలోనో దారిలోనో తాగి ఉండాలి.

ఆ రోజు గురించి దగ్గరున్నవాళ్లు రాసిపెట్టిన వివరాలు మనిషిని కొంచెం దగ్గరగా చూపిస్తాయి. జబ్బు అంటుకునేదని అనుమానం ఉంది కాబట్టి, మీరు ఈ డేరాలో ఉండటం న్యాయం కాదు, బయటికి పొండని పక్కనున్నవాళ్లతో పదే పదే అన్నాడట. ఇంత ప్రేమగా చూసుకుంటుంటే జబ్బు పడటం కూడా మంచిదేనని నవ్వించాడట. మధ్యాహ్నం కొంచెం తేరుకున్నట్టు కనిపించాడు, జనానికి ఆశ కలిగింది. సాయంత్రానికి మళ్లీ దిగజారింది. తన గొంతు బలహీనపడుతోందని, అదే సమయంలో చెవులు మాత్రం ముందుకన్నా బాగా వినిపిస్తున్నాయని చివర్లో అన్నాడంటారు. చిన్నప్పటి తట్టు దెబ్బకు జీవితమంతా సరిగా వినపడని మనిషి అన్న మాట అది. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం పోయింది.

ఈ ప్రశాంతతను ఆయన గొప్పతనానికి గుర్తుగా ఆనాటి వాళ్లు రాశారు. మనిషి ధైర్యవంతుడే, సందేహం లేదు. కానీ జబ్బు తీరు కూడా అలాంటిదే. కలరాలో విషం పేగు గోడల మీద పనిచేస్తుంది. ఒంట్లోని నీరు, ఉప్పు ధారగా బయటికి పోతాయి, తీవ్రంగా ఉంటే గంటకు లీటరు దాకా. రక్తం చిక్కబడుతుంది, నాడి అందదు, కాళ్లూ చేతులూ చల్లబడి కొంకర్లు పోతాయి, గొంతు కీచుగా సన్నబడుతుంది. మనిషికి తెలివి మాత్రం చాలామందిలో చివరిదాకా ఉంటుంది. తన గొంతు పోతున్న సంగతి మన్రో గమనించి చెప్పగలిగింది అందుకే.

మరి గవర్నర్ పక్కన వైద్యుడు ఉన్నా ఏం చేయగలడు? 1824లోనే మద్రాసు మెడికల్ బోర్డు కలరా మీద పెద్ద నివేదిక అచ్చేసింది. ఏ ఊరికి ఎప్పుడొచ్చింది, ఏ దళంలో ఎంతమంది పోయారు అన్నీ అందులో ఉన్నాయి. ఉండనిది కారణం ఒక్కటే. ఆ రోజుల్లో వైద్యులు రక్తం తీసేవాళ్లు, పాదరసం మందైన కేలొమెల్ ఇచ్చేవాళ్లు, నల్లమందు చుక్కలు, బ్రాందీ తాగించేవాళ్లు. నీళ్లన్నీ పోయి ఎండిపోతున్న మనిషి ఒంట్లోంచి ఇంకా రక్తం తీయడమంటే ఏమిటో ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. దాహం అని అరిచే రోగికి నీళ్లివ్వకూడదన్న వైద్యులు కూడా ఉండేవాళ్లు. మన ఊళ్లలో వాంతిభేది వచ్చిందంటే గ్రామదేవతకు జాతర చేసి పొలిమేర దాటించేవాళ్లు. ఫలితం దృష్ట్యా రెండింటికీ పెద్ద తేడా లేదు. జాతర వల్ల రోగి రక్తం పోయేది కాదు, అంత వరకు అదే మెరుగు.

మన్రో పోయిన ఐదేళ్లకు, 1832లో, ఆయన పుట్టిన స్కాట్లండ్‌లోనే లీత్ పట్నంలో థామస్ లాట్టా అనే వైద్యుడు చచ్చిపోతున్న కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించి కొందర్ని లేపాడు. ఎవరూ పట్టించుకోలేదు. నీళ్లతో కలరా వస్తుందని 1854లో లండన్‌లో జాన్ స్నో నిరూపించాడు. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాలో చెరువు నీళ్లలో ఆ క్రిమిని చూశాడు. చివరికి 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బొంగావ్ శిబిరంలో పిట్టల్లా రాలిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయాక, దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు తాగించింది. మూడో వంతు దాకా ఉన్న చావులు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. బెల్లం, ఉప్పు, కాచిన నీళ్లు పత్తికొండలో 1827లో కూడా దొరికేవే.

ఆయన శవాన్ని గుత్తికి తీసుకెళ్లి మర్నాడు, జులై 7న, కోట కింద ఖననం చేశారు. పత్తికొండలో ఆయన పోయిన చోటుకు దగ్గర్లో ప్రభుత్వం ఒక బావి తవ్వించి, తోపు వేయించింది. గుత్తిలో ఆయన పేరు మీద సత్రం కట్టించింది. బాటసారికి నీడ, నీళ్లు, బస. ఈ నేల మీద పుణ్యకార్యం అంటే అదే, ప్రభుత్వం ఆ ఆచారాన్నే పాటించింది. కలరాతో పోయినవాడి జ్ఞాపకానికి నలుగురూ చేదుకునే బావి, జనం గుమికూడే సత్రం కట్టామన్న ఇబ్బంది ఎవరికీ తట్టలేదు, తట్టే వీలూ లేదు. 1831లో అస్థికల్ని గుత్తి నుంచి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు.

సీమ జనం ఆ చావుకు తమదైన కారణం చెప్పుకున్నారు. కడప జిల్లాలో పాపఘ్ని నది కొండను చీల్చుకుని పోయే గండి దగ్గర వీరాంజనేయస్వామి గుడి ఉంది. రాముడి కోసం వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని, అది చావు దగ్గరపడ్డ పుణ్యాత్ములకే కనిపిస్తుందని నమ్మకం. అటుగా వెళ్తూ మన్రో పైకి చూసి ఆ తోరణం ఏమిటని అడిగాడట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనిపించలేదు, విషయం తెలిసిన ముసలాయన కంగారుపడ్డాడు, కొన్ని నెలలకే దొర పోయాడు. ఇది పాత జిల్లా గెజిటీర్లలోకీ ఎక్కింది. ఆయన్ని మాండవ్య ఋషి అంశ అన్నారు, పిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకున్నారు. శిస్తు తగ్గించిన దొర విరేచనాలతో పోయాడన్న మాట జనానికి మింగుడుపడలేదు. తోరణం కథ ఆ అవమానాన్ని తుడిచేసి, దాని స్థానంలో దేవుడి పిలుపును పెట్టింది. అదే ఏడు అదే జబ్బుతో పోయిన గుత్తి సిపాయిలకు ఏ తోరణమూ కనిపించినట్టు కథ లేదు.

తెల్లవాళ్లూ తమ పద్ధతిలో అదే చేశారు. చందాలు పోగుచేసి ఫ్రాన్సిస్ చాంట్రీ చేత పెద్ద కంచు విగ్రహం చేయించి 1839లో మద్రాసులో నిలబెట్టారు. గుర్రం మీద కూర్చున్న సేనాని. జీను, రికాబులు లేకపోవడం శిల్పి మరచిపోయాడా, కావాలని చేశాడా అన్న కబుర్లు చెన్నైలో ఇప్పటికీ నడుస్తాయి. గమనించాల్సింది వేరే ఉంది. మన్రో కాల్బలం మనిషి, పేరు తెచ్చుకున్నది డేరాలో జమాబందీ, అంటే శిస్తు లెక్క, రాస్తూ, పోయింది డేరాలో మంచం మీద. విగ్రహంలో డేరా లేదు, కరణం లేడు, చిట్టా లేదు. బర్మా నుంచి తిరిగొచ్చిన మద్రాసు దళాలకు కూడా బర్మా రాజధాని పేరు మీద 'ఆవా' అన్న గౌరవాన్ని జెండాల మీద రాసుకోమని ఇచ్చారు, గెలిచిన యుద్ధం పేరు కాబట్టి. రంగూన్ వానల్లో విరేచనాలతో పోయినవాళ్లు మెడికల్ బోర్డు పట్టికల్లో అంకెలుగా మాత్రమే ఉండిపోయారు.